పిట్ట ముట్టని లెక్క: ‘బలగం’లో మరణానంతర విచారణ, హాస్యం

వ్యాససంగ్రహం

చావు జరిగిన ఇంటికి బయటి మనిషి ఒకరు వచ్చి, పోయినవారు ఎవరు, ఎలా పోయారు, ఉన్నవారు వారికి ఏమవుతారు, ఎవరికి ఏం చెందాలి అని అడిగి రాసుకోవడం బీమా విచారణాధికారి పని. ఆ వృత్తిని హాస్యనాటకీయ కథలకు కేంద్రంగా తీసుకోవడం తెలుగు తెరకు అలవాటు లేదు. అయితే అదే పనిని ఉత్తర తెలంగాణ పల్లె ఎప్పటినుండో ఇద్దరికి అప్పగించింది. ఒకటి పిండం ముట్టే కాకి. రెండవవారు దినాల నాడు వచ్చి పాడే బుడగ జంగాల కళాకారులు. 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రం ఈ ఇద్దరు విచారణకర్తల మీద కథను ఎలా నిలబెట్టిందో, వారి నివేదికలో ఎవరి లెక్క చేరలేదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బలగం, పరేషాన్, పిట్టకు పెట్టుడు, బుడగ జంగాలు, ఆడబిడ్డ, బుల్లితెర హాస్యం, కరీంనగర్, మంచిర్యాల.

ఉపోద్ఘాతం

పాశ్చాత్య కథనంలో బీమా విచారణాధికారికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 1944లో బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’లో బార్టన్ కీస్ పాత్ర ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పోలీసులకు పట్టుబడని అబద్ధం అతనికి కాగితాల మీద పట్టుబడుతుంది. ఈ పాత్రనే నేర కథలోనుండి ఇంటింటి హాస్యకథలోకి తెచ్చి, పగలంతా ఇతరుల చావులను శంకించే మనిషి సాయంత్రం ఇంటికి వెళ్లి తల్లిదండ్రులు పోయిన బంధువుల పిల్లలకు అన్నం పెడతాడని ఊహిస్తే, టెలివిజన్‌కు ఎన్నటికీ తరగని సరుకు దొరుకుతుంది. వృత్తి అతనికి అనుమానాన్ని నేర్పుతుంది, ఇల్లు నమ్మకాన్ని అడుగుతుంది. నవ్వు ఈ రెండింటి మధ్య పుడుతుంది.

తెలుగు బుల్లితెర ఈ సూత్రంలో సగాన్నే తీసుకొంది. బంధువుల పిల్లలను, మరుదులను కన్నబిడ్డల్లా సాకే త్యాగమూర్తులకు మన ధారావాహికలలో కొదవ లేదు. తమిళ ‘పాండియన్ స్టోర్స్’కు తెలుగు రూపంగా 2019లో స్టార్ మాలో మొదలైన ‘వదినమ్మ’ ఆ కోవకు చెందినదే. అడిగేవాడు మాత్రం మన కథల్లోకి రాలేదు. సాకే చేతిని కీర్తించారు కాని, సాకుడు వెనుక ఉన్న ఆస్తి లెక్కను, మాట పట్టింపును, ఎవరు ఎవరిని ఎందుకు వదిలేశారన్న ప్రశ్నను తీరికగా విచారించలేదు. ధారావాహికలో కుట్ర ఉంటుంది. విచారణ ఉండదు.

‘బలగం’ చలనచిత్రమే అయినా ఈ చర్చకు తగినది. దీని దర్శకుడు బుల్లితెర హాస్యం నుండి వచ్చినవాడు. ఇది 2023 మార్చి 3న థియేటర్లలో విడుదలై, అదే నెలలో అమెజాన్ ప్రైమ్‌కు చేరింది. ఆపైన పల్లెల్లో చావడుల ముందు, బడుల ఆవరణల్లో తెర కట్టి జనం కలిసి చూశారు. ఇంటి తెరకు, ఊరి తెరకు మధ్య తిరిగిన కృతి ఇది.

టిల్లు వేణు నుండి వేణు యెల్దండి దాకా

సిరిసిల్ల ప్రాంతానికి చెందిన వేణు యెల్దండి ప్రేక్షకులకు మొదట ‘టిల్లు వేణు’గా తెలుసు. 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ తొలి జట్లలో ‘వేణు వండర్స్’ ఒకటి. స్కిట్ అనే ఆ ప్రక్రియకు కొన్ని నియమాలున్నాయి. నిడివి తక్కువగా ఉండాలి. ప్రతి పాత్రకు ఒక్క లక్షణమే ఉండాలి. ఒకరు మాట విసిరితే మరొకరు దాన్ని అందుకొని దెబ్బ తీయాలి. చివరికి న్యాయనిర్ణేతలు నవ్వి మార్కులు వేయాలి.

‘బలగం’ పూర్వార్ధంలో ఈ స్కిట్ నిర్మాణం స్పష్టంగా కనబడుతుంది. కొమురయ్య (కేతిరి సుధాకర్ రెడ్డి) ఊరంతా తిరుగుతూ కనబడ్డవారినల్లా పలకరించి, ఒకరితో వేళాకోళమాడి, మరొకరితో తిట్టించుకొనే సన్నివేశాలు విడివిడి స్కిట్ల వరుసే. ఆయన చనిపోయిన తరువాత శవం చుట్టూ చేరినవారి ఏడుపులు, ఏడుపుల మధ్య సాగే గుసగుసలు, కల్లు సీసాల చుట్టూ కూర్చొన్నవారి విమర్శలు కూడా ఆ పద్ధతిలోనివే. కొందరు సమీక్షకులు దీనిని లోపంగా చెప్పారు. ఈ వ్యాసకర్త దీనిని లోపమనుకోవడం లేదు. చావింట్లో మాటలు నిజంగానే ఇలా ముక్కలుగా నడుస్తాయి. వచ్చినవారు పది నిమిషాలు కూర్చొని, ఒక మాట అని, ఒక మాట విని వెళ్తారు. అక్కడ ప్రతివారికీ ఒక్క లక్షణమే మిగులుతుంది: పోయినాయనకు వారు ఏమవుతారన్నది. స్కిట్ పరిమితిని దర్శకుడు చావింటి స్వభావంగా మార్చుకోగలిగాడు.

అయితే ఒక చోట స్కిట్ అలవాటు కథను దెబ్బతీసింది. అప్పుల్లో మునిగిన మనవడు సాయిలు (ప్రియదర్శి), రాబోయే కట్నంతో గట్టెక్కుదామనుకొంటాడు. తాత చావుతో ఆ పెండ్లి చెడిపోతుంది. అప్పుడు మేనత్త కూతురు సంధ్య (కావ్య కళ్యాణ్‌రామ్) వెనుక ఉన్న ఆస్తి అతని కంటపడుతుంది. ఒక మనిషిని ఆస్తి కోసం ప్రేమించబోవడం హాస్యానికి మంచి వస్తువే, కాని అది బాకీ కూడా. ఆ బాకీని చిత్రం సాయిలు చేత పూర్తిగా తీర్పించలేదు. నవ్వు వచ్చిన వెంటనే తరువాతి స్కిట్‌కు వెళ్లిపోయింది.

పిట్ట: లంచం తినని అధికారి

కరీంనగర్ ప్రాంతంలో ‘పిట్టకు పెట్టుడు’ అనే మాటకు వివరణ అక్కరలేదు. మూడొద్దుల నాడు, ఐదొద్దుల నాడు, పదకొండొద్దుల నాడు పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే పోయిన ప్రాణం తృప్తిపడినట్లు. ముట్టకపోతే “ఏదో మనసులో పెట్టుకొని పోయిండు” అంటారు. అప్పుడు ఆరా మొదలవుతుంది. ఏమి ఇష్టం? బీడీ పెట్టారా? కల్లు పోశారా? ఎవరు రాలేదు? ఎవరి మీద మనసు ఉండె? వస్తువుల దగ్గర మొదలైన ఆరా మనుషుల దగ్గరకు రావడం ఈ ఆచారంలోని నాటకీయత. ‘బలగం’ దీన్ని కనిపెట్టలేదు. ఉన్నదాన్ని కథకు వెన్నెముకగా నిలబెట్టింది. (చిత్రం విడుదలయ్యాక కథ తనదని ఒక పాత్రికేయ రచయిత ఆరోపించడం, ఆచారం అందరిదని దర్శకుడు బదులివ్వడం పాఠకులకు తెలిసినదే. ఆచారం అందరిదే. దాన్ని కథగా మలచిన తీరు ఎవరిదన్నది వేరే ప్రశ్న, అది ఈ వ్యాస పరిధిలోనిది కాదు.)

ఇప్పుడు ఈ పిట్టను బీమా విచారణాధికారి పక్కన నిలబెట్టి చూద్దాం. క్లెయిము వచ్చినప్పుడు అధికారి చేతిలో ఉండే బలమంతా ఒక్కటే, ఆమోదాన్ని ఆపి ఉంచడం. పిట్ట చేసేదీ అదే. అది ఎవరినీ నిందించదు, కారణం చెప్పదు, చెట్టు మీద కూర్చొని విస్తరి వైపు చూసి ఊరుకొంటుంది. కారణం చెప్పని తిరస్కారం కాబట్టి ప్రతివారూ తమ తప్పును తామే వెతుక్కోవలసి వస్తుంది. కొమురయ్య పెద్దకొడుకు ఐలయ్య, చిన్నకొడుకు మొగిలయ్య, అల్లుడు నారాయణ ఒకరి వైపు ఒకరు వేలు చూపుకొంటారు. పిట్ట ముట్టకపోతే ఊరికే అరిష్టమని ఊరి పెద్దలు పట్టుబట్టడంతో ఇంటి గొడవ ఊరి వ్యవహారమవుతుంది.

ఒక తేడా గమనించదగినది. మన 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం, 2015 సవరణ తరువాత, పాలసీ మూడేళ్లు దాటితే దానిని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీలులేదు. చట్టానికి మరుపు అనే దయ ఉంది. పిట్టకు ఆ దయ లేదు. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి నల్లి బొక్క పంచాయితీని అది తిరగదోడుతుంది. విందులో తన విస్తరిలో నల్లి బొక్క పడలేదని అల్లుడు అలిగాడు. మాటకు మాట పెరిగింది. ఆడబిడ్డకు పుట్టింటి దారి మూతపడింది. ఒక బొక్క కోసం ఇరవై ఏళ్లా అని బయటివారు నవ్వుతారు. ఈ ప్రాంతం వారు నవ్వుతూనే, తమ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటిది ఒకటి గుర్తుకు వచ్చి ఆగిపోతారు. అల్లుడి విస్తరిలో పడే ముక్క మర్యాదకు కొలత. అది మాంసం తూకంతో తేలేది కాదు.

మరొక విషయం. తెలంగాణలో 2018 ఆగస్టు నుండి రైతు బీమా అమలులోకి వచ్చింది. 18 నుండి 59 ఏళ్ల మధ్య వయసున్న, పట్టా భూమి గల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు అందాలి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. దీనికి మునుపటి అడుగైన రైతుబంధు అదే ఏడాది మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలోనే మొదలైంది. కాబట్టి ‘బలగం’ కాలం నాటికి ఈ పల్లెల్లో రైతు పోయిన ఇంటికి వ్యవసాయ విస్తరణాధికారి రావడం, ఆధార్ కార్డు, పాసుబుక్కు, మరణ ధ్రువపత్రం, నామినీ వివరాలు అడగడం మామూలు దృశ్యమే. ఏఈఓ అడిగే ప్రశ్నలకూ కాకి కోసం ఎదురుచూస్తూ ఇంటివారు వేసుకొనే ప్రశ్నలకూ పోలిక ఉందని ఆ రోజుల్లో ఆ ఇండ్లలో ఉన్నవారికి తెలుసు. ఆధార్‌లో వయసు రెండేళ్లు ఎక్కువ పడినందుకు 5 లక్షలు పోగొట్టుకొన్న ఇండ్లవారు, పిట్ట ముట్టనప్పుడు పడే బాధే పడతారు: “ఎక్కడ తప్పు పోయింది?”

కొమురయ్య ముదుసలి. ఆ పథకం గీసిన వయసు గీతకు అవతల ఉన్నవాడు. ఆయన చావుతో ఇంటికి రూపాయి రాదు. ఏ దఫ్తరులోనూ ఆయన పేర ఫైలు తెరుచుకోదు. చిత్రంలో ఆయన మరణాన్ని విచారించేది కాకి ఒక్కటే కావడానికి ఇది కూడా ఒక కారణమని చెప్పవచ్చు. దర్శకుడు ఇలా ఆలోచించి రాశాడని కాదు. ముసలివాని చావుకు డబ్బు విలువ లేనందువల్లనే దానికి బంధుత్వపు విలువ కట్టడం కథకు సాధ్యమైంది. ఆయన నలభై ఏళ్ల రైతు అయి ఉంటే నామినీ ఎవరన్న ప్రశ్న కథను మింగేసి ఉండేది.

పాట: విచారణ నివేదిక

పిట్ట ఆమోదాన్ని ఆపగలదు కాని కారణం రాసి ఇవ్వలేదు. ఆ పని బుడగ జంగాల కళాకారులది. దినాల నాడు ఇంటి ముందుకు వచ్చే కళాకారులు పాట ఎత్తుకొనే ముందు చేసే పనిని పరిశోధకులు తగినంతగా పట్టించుకోలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వారు వచ్చీ రాగానే పాడరు. ఒక పక్కన కూర్చొని, పోయినవారి పేరు, కొడుకులెందరు, బిడ్డలెందరు, కోడండ్ల పేర్లు, మనవండ్ల పేర్లు, ఎవరు దగ్గరుండి చూసుకొన్నారు, ఎవరు దూరాన ఉన్నారు అని అడిగి తెలుసుకొంటారు. అడిగిన తీరు కూడా తెలివైనది. ఇంటివారిని కాక పక్కింటివారిని అడుగుతారు. ఆ తరువాత ఆ పేర్లన్నిటినీ పాటలో పొదుగుతారు. ఇది ఆశుకవిత్వమే, అంతకుముందు క్షేత్ర పరిశోధన.

‘బలగం’ చివరి ఘట్టంలో పాడినవారు నటులు కారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. వారి పాట చిత్రంలో ఒక అలంకారం కాదు, తీర్పు వెలువడే చోటు. పోయినాయన గొంతుతో కళాకారుడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ కెమెరా ఆ మనిషి ముఖం మీద ఆగుతుంది. కోర్టులో సాక్షి పేరు పిలిచినట్లు ఉంటుంది ఆ క్రమం. అంతవరకు ఒకరి మీద ఒకరు చెప్పుకొన్నవారు పాటలో తమ పేరు విన్నాక తమను గురించి మాత్రమే ఏడవగలుగుతారు. పూర్వార్ధమంతా వేరువేరు స్కిట్లుగా ఉన్న మనుషులు ఇక్కడికి వచ్చి ఒకే పాటలో పాదాలవుతారు. చిత్రంలో అన్నిటికన్నా గొప్ప నిర్మాణ నిర్ణయం ఇదే. పూర్వార్ధపు ముక్కలు ముక్కలైన నవ్వు లేకపోతే ఈ కూడిక ఇంత బలంగా ఉండేది కాదు.

ఈ చిత్రంలోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం లభించడం సంతోషించదగినది. అయినా చివరి పాట గురించి విమర్శకులు మాట్లాడేటప్పుడు ‘హృదయాన్ని కదిలించింది’ అనే చోటనే ఆగిపోవడం కొరత. కదిలించడం ఫలితం. విచారించడం పద్ధతి. పద్ధతిని వదిలి ఫలితాన్ని మాత్రమే మెచ్చుకొంటే, ఆ కళాకారుల ప్రజ్ఞ మొత్తం గొంతు గుణంగా కుదించుకుపోతుంది.

లెక్కలో చేరని పేరు

డిగ్రీ తరగతిలో ఈ చిత్రాన్ని చర్చకు పెట్టినప్పుడు ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి అసలు ప్రేరణ. అందరూ కలిశారు సరే, లక్ష్మికి ఏమైనా ఇచ్చారా అని ఆమె అడిగింది. తరగతి నవ్వింది. జవాబు చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఈ కథలో అసలైన దిక్కులేని బంధువు కొమురయ్య బిడ్డ లక్ష్మి (రూపాలక్ష్మి). తండ్రి బతికి ఉండగానే ఆమెకు పుట్టిల్లు లేకుండా పోయింది. తగాదా ఆమెది కాదు. అన్నదీ భర్తదీ. నల్లి బొక్క పడనిది భర్త విస్తరిలో. మాట పడినది భర్త. శిక్ష మాత్రం ఆమె అనుభవించింది. ఇరవై ఏళ్ల తరువాత తండ్రి శవం మీద పడి ఏడ్చే ఆమె ఏడుపులో దుఃఖంతో పాటు ఒక అభియోగం ఉంది. రూపాలక్ష్మి నటన ఆ రెండింటినీ విడదీయకుండా పట్టుకొంది. అయితే చిత్రం చివరికి వచ్చే రాజీలో మాట్లాడేది, తగ్గేది, కౌగిలించుకొనేది ప్రధానంగా బావా బామ్మర్దులు. ఆమె దోవ మూసింది వారే, తెరిచింది వారే. ఆమె అనుమతి ఎవరూ అడగలేదు.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుండి అమలులోకి వచ్చి, ఆ నాటికి పెండ్లి కాని ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కునిచ్చింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. కూతురు సంధ్య వయసును బట్టి చూస్తే లక్ష్మి పెండ్లి 1985 తరువాతిదే. అంటే ఐలయ్య, మొగిలయ్యలకు ఎంతో, ఆమెకూ అంత. ఈ మాట చిత్రంలో ఎవరి నోటా రాదు. పిట్ట ఆరా తీయలేదు. పాటలో ఆమె పేరు ప్రేమగా వస్తుంది, పాలుగా రాదు.

పైగా కథ మొగ్గు చూపేది మేనరికం వైపు. సాయిలు, సంధ్యల జతతో ఆడబిడ్డ ఇంటి ఆస్తి కూడా తిరిగి అన్న గడప వైపే నడుస్తుంది. ఆడబిడ్డకు పోవలసిన పాలు పోకపోగా, ఆమె బిడ్డ రూపంలో మరికొంత ఇటు వస్తుంది. ఇది కుట్ర అని ఎవరూ అనరు. మన బంధుత్వ వ్యవస్థ ఎప్పటినుండో ఇలాగే లెక్క చూసుకొంది. ప్రేక్షకులకు ఈ ముగింపు తీయగా ఉండడానికి కారణం, ఆ లెక్క వారికి లెక్కలా కనబడకపోవడమే. ‘బలగం’ తక్కువ చిత్రమని దీని అర్థం కాదు. ఇరవై ఏళ్ల పాత ఫైలును తెరిచే ధైర్యం చేసిన చిత్రం గనుకనే, ఆ ఫైలులో తిప్పని పేజీని చూపించమని అడగగలుగుతున్నాం.

మంచిర్యాల గాజులు

అదే 2023లో జూన్ 2న విడుదలైన ‘పరేషాన్’ను పక్కన పెట్టుకొంటే ఈ సంగతి మరింత తేటపడుతుంది. రూపక్ రోనాల్డ్‌సన్ తీసిన ఈ చిత్రం పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మంచిర్యాలలో నడుస్తుంది. బొగ్గు బాయి ఊరిలో తండ్రి కొడుకుకు ఇవ్వగలిగిన అసలైన ఆస్తి ఉద్యోగం. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాలను తిరిగి తేవాలన్న ప్రయత్నాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసిన తరువాత, కారుణ్య నియామకాల పేరిట అనారోగ్య ధ్రువీకరణల మీద ఆశ నిలిచింది. తండ్రి ఒంటికి జబ్బుందా లేదా అన్నది కొడుకు బతుకును తేల్చే ప్రశ్న అయిన ఊరు అది. బీమా విచారణాధికారి కథకు ఇంతకన్నా మంచి రంగస్థలం మన నేల మీద దొరకదు.

‘పరేషాన్’ ఆ రంగస్థలం మీద నిలబడి, మరో దారి పట్టింది. కొడుకు ఐజాక్ (తిరువీర్)కు ఉద్యోగం కోసమని తండ్రి తన భార్య గాజులు అమ్మి డబ్బు తెస్తాడు. కొడుకు ఆ డబ్బును దోస్తుల ఆపదలకు పంచేస్తాడు. ‘బలగం’లో నారాయణగా అలిగిన మురళీధర్ గౌడ్ ఇక్కడ ఈ తండ్రి సమర్పణ్‌గా తిట్లు కురిపిస్తాడు. రెండు చిత్రాలను వెంటవెంటనే చూసినవారికి ఆయన ఒకే మనిషిగా, గోదావరి ఒడ్డున ఊరు మారి వచ్చినవాడిగా తోచడం ఖాయం. తాగుడు సన్నివేశాలు ఒకదాని మీద ఒకటి పడి నడిమి భాగం బరువెక్కిన మాట నిజం. నవ్వు కూడా అక్కడ కాస్త మొద్దుబారింది.

కాని ఈ చిత్రంలో డబ్బు ఎక్కడినుండి వచ్చిందో మరిచిపోవడానికి వీలులేదు. దోస్తులు తిరిగి ఇవ్వని ప్రతి రూపాయీ తల్లి చేతి గాజుదే. ఐజాక్ ఇల్లు చేరిన ప్రతిసారీ తండ్రి అరుస్తాడు, తల్లి అన్నం పెడుతుంది. అన్నం పెట్టే ఆ చేతి మణికట్టు బోసిగా ఉంటుందని ప్రేక్షకుడికి తెలుసు. ‘బలగం’లో లక్ష్మి పాలు మాట ఎవరూ ఎత్తలేదు. ‘పరేషాన్’లో తల్లి గాజుల మాట ఇంట్లో అందరికీ తెలుసు, వాటిని తిరిగి ఎవరు చేయించాలన్నది మాత్రం తేలలేదు.